మాకు ఖోఫ్

జహ్రా అనే అరబ్బు ఊళ్ళో నేను వంట చేసే ఇంట్లో పెద్దాయనను కొడుకే పై గదిలో ఉంచి ఫోను తీసేసుకున్నాడు. ఆయన డ్రైవరును గేటు పక్క గదిలో పెట్టి తాళం వేశారు. అతను చేసిన తప్పు ఒక్కటే. పెద్దాయన అడిగితే, కొడుక్కు చెప్పకుండా ఎడారిలో ఒంటెల దగ్గరికి తీసుకుపోయాడు. డ్రైవరుది రాయచోటి. పెద్దాయనను 'మా రాజు' అనేవాడు. ఇఖామా అనే నివాస పత్రం రద్దు చేసి అతన్ని ఊరికి పంపాలంటే కఫీల్‌గా, అంటే పనికి రప్పించిన యజమానిగా, ఆ రాజు వేలిముద్రే కావాలి.

ఇద్దరికీ అన్నం తీసుకుపోయేది నేనే. రొట్టె మడతల్లో వాళ్ళ చీటీలు నడిపాను. డ్రైవరుకు అరబ్బీ మాట్లాడటం వచ్చు, రాయటం రాదు. అరబ్బీ మాటలనే తెలుగు అక్షరాల్లో రాసేవాడు. నేను చదివి పెద్దాయనకు చెప్పి, ఆయన జవాబు అలాగే రాసుకొచ్చేదాన్ని. తారీఖు వేయని చీటీని వెనక్కిచ్చేసేదాన్ని. ఏది ముందో ఏది వెనకో తెలియకపోతే ఇక ఉత్తరాలెందుకు? ఒకసారి కొడుకు చూసి, ఇదేమిటన్నాడు. కూరగాయల చీటీ అన్నాను.

ఒకరోజు పెద్దాయన అడిగించాడు: నేను ముద్ర వేయనంటే నిన్ను ఇంకా వేధిస్తారు, భయమా? జవాబు రెండే మాటలు. "మాకు ఖోఫ్." ఖోఫ్ అంటే భయం. రెండు మాటలే కదా అని చీటీ పైకి చదవకుండా, అతనికి భయమట అని చెప్పేశాను. పెద్దాయన, అయితే అతన్ని ఊరికి పోనీ, ముద్ర వేస్తాను, కొడుకును రమ్మను అన్నాడు.

కిందికొచ్చి కిటికీ దగ్గర ఆ సంగతి చెబితే డ్రైవరు తల కొట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు సదివింది తెలుగు. నేను రాసింది అరబ్బీ. ఈడ మాకు అంటే లేదని. భయం లేదని రాసినా."

"అయితే దీర్ఘం పెట్టి మాకూ అని రాయాల్సింది."

"పెట్టింటే మాకూ భయమే అని సదివిండేదానివి. పో అక్కా, యల్లా."

పైకి వెళ్ళేసరికి కొడుకు తండ్రి బొటనవేలిని సిరాకు అద్దుతున్నాడు. అతని ఎదుట చీటీ మాటెత్తకూడదు. రోగికి ధైర్యం చెప్పినట్టు మంచం పక్కన నిలబడి, "బాబా, మాకూ ఖోఫ్," అన్నాను, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ.

పెద్దాయన నా వైపు చూశాడు. సిరా వేలిని తన తెల్లటి దిష్‌దాషా అంగీకి తుడుచుకున్నాడు.

"కఫీల్‌ను నేను," అన్నాడు కొడుకుతో. "నా డ్రైవరును పిలిపించు."

కొడుకు ముద్ర పడని కాగితం మడిచి, తాళంచెవి నా చేతికిచ్చాడు. నేను పరుగెత్తలేదు. గేటు దాకా నింపాదిగా, ఇంట్లో అందరూ చూసేలా నడిచాను.