నిధి అనుకుని కొట్టాను

ఈ రోజు పొద్దున తిరువొత్తియూరు సముద్రపు ఒడ్డున మెటల్ డిటెక్టర్‌తో రెండు గంటలు తిరిగాను. అది కూసిన ప్రతిచోటా తవ్వితే సోడా మూతలు, తుప్పు మేకులే. విసిగి ఇంటికి పోదామనుకుంటుండగా మళ్ళీ కూసింది. మోచేతి లోతున గుండ్రంగా, బరువుగా ఏదో ఇనప డబ్బా తగిలింది. లోపల నగలున్నాయేమోనని ఆశపడి, తుప్పు రాలేలా చిన్నపారతో రెండు దెబ్బలు వేశాను.

పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చటుక్కున లేచాడు.

"కొట్టబాకండి సార్! ఇట్లాంటిదాన్నే కొట్టి మా తమ్ముడు చెయ్యి పోగొట్టుకున్నాడు. దాన్ని ఆడే వదిలి మెల్లిగా ఇట్లా వచ్చేయండి."

దూరంగా వచ్చి ఫోన్ చేస్తే పోలీసులొచ్చి ఒడ్డంతా ఖాళీ చేయించారు. అదేమిటో సాయంత్రమైనా ఎవరూ చెప్పలేదు. పోయిన ఆదివారం మా పాప సరిగ్గా అక్కడే కూర్చుని పిచ్చుకగూళ్ళు కట్టింది. మీరైతే పిల్లల్ని మళ్ళీ అక్కడికి తీసుకెళ్తారా?