ఎలీశమ్మక్క రిటర్న్ టికెట్

ఈ ఉదయం మా స్కూల్ లైబ్రరీలో పిల్లల పుస్తకాల మీద ముద్ర వేస్తున్నాను. ఒక పిల్ల పుస్తకం తెరిచి చూపించింది. స్టాంపులో తేదీ మార్చడం మర్చిపోయాను. అన్నిటి మీదా నిన్నటి తేదీయే పడింది.

నిన్న సాయంత్రం ఫోన్లో ఎలీశమ్మక్క పేరు కనిపించింది. ఎత్తి "అక్కా" అన్నాను. అవతల అక్క పనిచేసే ఇంటి మేడమ్. ఇంగ్లీషులో చెప్పింది, ఎలీసా చనిపోయిందని.

రాంగ్ నంబర్ అని పెట్టేయాలనిపించింది.

అక్క మాకు బంధువు కాదు. రాజోలు దగ్గర ఒక పల్లె. దమ్మామ్‌లో ఒక సౌదీ ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. వాళ్ళు దాదాపు ప్రతి వీకెండ్ రియాద్‌లో ఉన్న నాయనమ్మ ఇంటికి రైల్లో వెళ్ళేవాళ్ళు. పిల్లలతో అక్క కూడా. నేనూ దమ్మామ్ నుంచి రియాద్‌లో ఉన్న మా సొంత అక్క దగ్గరికి అదే రైల్లో వెళ్ళేదాన్ని.

నేను పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చునే మనిషిని. మొదట పలకరించింది తనే. ఫోన్లో ఏం కొడుతున్నారండి అని అడిగింది.

రైలు టికెట్‌కి విమానం వాళ్ళ మెంబర్‌షిప్ నంబర్ కలిపితే మైల్స్ వస్తాయనీ, అవి పోగైతే విమానం టికెట్ తీసుకోవచ్చనీ చెప్పాను.

"రైలెక్కితే ఇమానం వాళ్ళెందుకిత్తారండి? ఆళ్ళకేం లాభం?"

"నాకూ తెలీదక్కా."

"టీచరుగారికే తెలీదంటే ఆళ్ళకీ తెలిసుండదు. తెలిసేలోపు ఎక్కేద్దారి."

నవ్వింది. నవ్వుతూనే కూతురి సంగతి చెప్పింది. స్వర్ణకి తొలి కాన్పు. పుట్టింటి పురుడు. ఆ పుట్టింట్లో ఉండాల్సిన అమ్మ ఇక్కడ ఉంది. కాంట్రాక్ట్ అయ్యాకే ఇంటివాళ్ళు టికెట్ ఇస్తారు. అప్పటికి బిడ్డ పాకుతూ ఉంటుంది.

తనకి ఒక అకౌంట్ తెరిచాను. టికెట్లు బుక్ చేసేది మేడమ్ కాబట్టి ఆవిడనే అడగాలి. ముక్కూ మొహం తెలియని మనిషితో ఒక పని గురించి నేను మాట్లాడటం అదే మొదలు. ఆవిడ ఆశ్చర్యపోయింది, ఒప్పుకుంది. ఆ తర్వాత ప్రతిసారీ అక్క సీటుకి అక్క నంబరే కొట్టింది.

రైలు దిగిన కొన్నాళ్ళకి మైల్స్ పడేవి. అక్క నాకు ఫోన్ చేసి, "మన కోడి గుడ్డెట్టిందా అండి?" అని అడిగేది.

పోయిన నెలలో ఒకరోజు చెప్పాను, ఇంటికి వెళ్ళడానికి సరిపడా వచ్చేశాయని.

అక్క మేడమ్‌ని అడిగింది. ఇంటికి వెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా ఇస్తాను కానీ తిరుగు టికెట్ కూడా చూపించమంది ఆవిడ. అంతకుముందు పనిచేసినామె వెళ్ళడానికి మాత్రమే టికెట్ కొనుక్కుని వెళ్ళి, మళ్ళీ రాలేదట.

నాకు కోపం వచ్చింది. అక్కకి రాలేదు.

"ఆవిడ బయం ఆవిడదండి. వెళ్ళినదాన్ని వత్తానని ఏం చూసి నమ్ముతాది?"

తిరుగు టికెట్ నేను కొంటానన్నాను. వినలేదు. "రైల్లో కూకుంటే వచ్చేదానికి మీ డబ్బులెందుకండి?" అంది.

అందుకే మళ్ళీ రైలు. ఎవరు మానేసినా అక్క మానలేదు. ఆఖరికి మేడమ్ ఒక్కర్తే వెళ్తానన్న వారం కూడా, పిల్లలు నాయనమ్మని తలుచుకుంటున్నారని చెప్పి అందర్నీ బయల్దేరదీసింది.

ఈ గురువారం నేను వెళ్ళలేదు. స్కూల్లో పని ఉంది. అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది.

"టీచరుగారూ, రైలెక్కేశానండి. ఎడం చెయ్యి లాగేత్తంది. మామా ఇంట్లో ఉండిపోమంది, నేనే వినలేదు. కూకోడమే కదండీ. ఈసారి ఎల్లొచ్చేత్తే తిరుగు టికెట్ కూడా అయిపోద్ది. వత్తన్నానని స్వర్ణకి మీరు చెప్పకండి. నేనే చెప్తాను."

మామా అంటే మేడమే. ఇక్కడ ఇళ్ళలో అలాగే పిలుస్తారు.

నిన్న తిరుగు ప్రయాణంలో హోఫూఫ్ స్టేషన్ దాటాక అక్క కళ్ళు మూసుకుందట. నిద్ర అనుకున్నారు. చిన్నపాప అక్క ఒళ్ళో తల పెట్టుకుని తనూ పడుకుంది. దమ్మామ్‌లో అందరూ లేచారు. అక్క లేవలేదు.

ఈ ఉదయం విమానం వాళ్ళకి ఫోన్ చేశాను. అక్కని ఇంటికి పంపడానికి ఆ మైల్స్ వాడొచ్చా అని అడిగాను. అవతలి అబ్బాయి చాలా మర్యాదగా, "మెంబర్ లైన్లో ఉన్నారా మేడమ్?" అన్నాడు.

లేరని చెప్పాను.

మెంబర్ లేకపోతే ఆ మైల్స్ ఎవరికీ రావట. మెంబర్‌తో పాటే పోతాయట. ఇంకేదో చెప్తున్నాడు. నాకు వినపడలేదు.

ఆ తర్వాత మేడమ్ ఫోన్ చేసింది. అక్కని పంపడానికి కాగితాలన్నిటి మీదా సంతకం పెట్టానని చెప్పింది. తర్వాత ఏడ్చింది. ఎలీసా ఇంకోసారి గట్టిగా అడిగి ఉంటే తిరుగు టికెట్ లేకపోయినా పంపేదాన్నేమో అంది.



ఆ రైలు చుట్టూ ఇసుక తప్ప ఏమీ ఉండదు. కిటికీ సీటు పిల్లలకిచ్చి, అక్క నడవా పక్కన కూర్చునేది. బయటికి చూసేదే కాదు. ఇంకెన్ని రైళ్ళు ఎక్కాలి అని నన్ను అడుగుతూ ఉండేది. నేను చెప్పింది నమ్మి ఎక్కుతూ పోయింది.

ఇంక ఎక్కక్కర్లేదక్కా. వెన్ను వాల్చి పడుకో. నువ్వు రోజూ మొక్కుకున్న ప్రభువు నిన్ను చల్లగా చూసుకోవాలి.

ఈ తెల్లవారుజామున స్వర్ణకి ఆడపిల్ల పుట్టింది. స్వర్ణ పక్కన తన మేనత్త ఉంది.