అరబా ఎంచుకున్న నోరు

కేప్ కోస్టు పట్టణానికి తూర్పున, సముద్రపుటొడ్డున ఉన్న ఆ ఊరిలో చేపలకు పొగపెట్టి అమ్ముకొనే స్త్రీలకు కొదవ లేదు. వారందరిలోను అరబా ఎవుసివా పొయ్యి మీద నుండి దిగిన చేప రంగు, రుచి, నిలవ వేరని సంత అంతా ఒప్పుకొనేది. ఒప్పుకోనిది ఒక్క మాన్సా మాత్రమే. ఆమె పొయ్యి అరబా పొయ్యి పక్కనే ఉండేది. రెంటికీ నడుమ ఒక మట్టిగోడ.

తెల్లవారి పడవలు ఒడ్డున పడి, ఇద్దరూ గంపలు దించుకొని, కట్టెలు రాజేయగానే మాన్సా గొంతు లేచేది.

“ఏమే అరబా, అవి చేపలా, కాలిపోయిన చెప్పులా?”

“చెప్పులేనే. నీ మొగుడు పారిపోతూ వదిలేసినవి. పోల్చుకోలేకపోయావా?”

“పారిపోలేదే, నేనే తరిమాను. నీ వంట వాసనొచ్చి ఇటే తిరిగొస్తాడేమోనని భయపడ్డాను గానీ, ఆ భయం అక్కర్లేదని ఒక్కసారి తిన్నాక తెలిసింది.”

కొనవచ్చినవారు ఈ వినోదం కోసమే కాసేపు ఎక్కువ నిలబడేవారు. ఇద్దరిలో ఎవరి పొయ్యిలో కట్టె తక్కువైతే రెండవ వారి కట్టె గోడ దాటి వచ్చేది. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో మాత్రం మాట ఉండేది కాదు.

అరబాకు తన బతుకు మీద ఫిర్యాదు లేదు. తల్లి నుండి వచ్చిన పొయ్యి, తన చేతితో కప్పించుకొన్న రేకుల ఇల్లు, ఆదివారం ప్రార్థనకు కట్టుకొని పోవడానికి నీలిరంగు బట్ట, సాయంకాలం పులిసిన మొక్కజొన్న ముద్దలోకి మిరపకాయ నూరిన పచ్చడి. ఇంతకంటె కావలసినదేమిటని ఆమె అనేది. అయితే కాలి చీలమండ చుట్టూ నున్నగా మెరిసే మచ్చ ఒకటి ఉండేది. దాని మీదికి దిగేటట్టుగా బట్ట కట్టుకోవడం ఆమె అలవాటు.

ఆ మచ్చకు కారణమైన జబ్బు ఆమెకు ముప్పయ్యవ ఏట వచ్చింది. మొదట నిద్ర పోయింది; తరువాత సముద్రం తనను పేరు పెట్టి పిలుస్తున్నదని తోచింది; ఒకనాడు ఆ పిలుపుకు బదులుగా కట్టుబట్టతో అలలలోకి నడిచింది. పడవవాళ్ళు ఈడ్చుకొని వచ్చారు. ఆ జనంలో వంశం తల్లివైపు నుండి నడుస్తుంది గనుక ఏ మంచికైనా చెడుకైనా మేనమామ మాటే చివరిమాట. అరబా మేనమామ బెంట్సిల్ సామాన్యుడు కాడు. ఆ ఊరి నాయకుడు కొలువులో తన నోటితో ప్రజలతో మాట్లాడడు. బంగారు పూతపెట్టిన కర్ర పట్టుకొని పక్కన నిలిచిన ప్రతినిధి నోట ఆయన మాట వెలువడుతుంది. ఆ కర్ర బెంట్సిల్ చేతిలోనిదే. అటువంటి మనిషి కారు తెప్పించి, కొండల అవతలి ప్రార్థనాశిబిరానికి మేనకోడలిని తీసుకొనిపొమ్మంటే కాదనగలవారెవరు? అక్కడ ఆమె కాలిని గొలుసుతో ఒక దుంగకు కట్టారు, ఉపవాసాలుంచారు. కొన్నేళ్ళకు జబ్బు తిరగబెట్టినపుడు మరల అదే కారు, అదే దుంగ. ఆ రెండుసార్లలోను ఆమెను ఎవరూ ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

రెండవసారి తిరిగివచ్చిన తరువాత ఆమెకు మందులు అలవాటైనవి. జిల్లా ఆస్పత్రి నుండి బైడూ అనే నర్సు మోటారుసైకిలు మీద వచ్చి ఇచ్చిపోయేవాడు. చిన్నవాడు, మాటకు ముందు నవ్వేవాడు. ఒకనాడు అతడు మందులిచ్చి లేవకుండా, ఇంకేదో చెప్పబోతున్నట్టు కూర్చున్నాడు.

“అక్కా, చట్టం మారింది, తెలుసా? ఎవరినీ గొలుసుతో కట్టకూడదు. వైద్యానికైనా ముందు నిన్నే అడగాలి. నీకు తెలివి తప్పినప్పుడు ఎవరిని అడగాలో ఆ మాట బాగున్నప్పుడే నువ్వు చెప్పి ఉంచుకోవచ్చు.”

అరబా చేపలు తిప్పుతున్న చేయి ఆగింది. “ఎవరినైనానా? మామని కాకుండానా?”

“నీ ఇష్టం. కానీ ఒక సంగతి. చట్టం రాజధాని అక్రాలో ఉంటుంది, మీ మామ ఈ వీధిలోనే ఉంటాడు. ఆయన చెవిన వేసి ఒప్పించుకుంటేనే నీకు నెమ్మది.”

ఆ మాట ఆమెను చాలాకాలం వదలలేదు. జబ్బు మూడవసారి రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. వస్తే మరల ఆ దుంగ దగ్గరకే పోవాలా, లేక మనిషిగా ఆస్పత్రి మంచం మీద పడుకోవాలా అన్నది, తాను బాగున్న ఈ రోజులలోనే తేలవలసి ఉన్నది. చివరికి ఒక మధ్యాహ్నం ఆమె మట్టిగోడ మీదికి వంగి, “మాన్సా, జబ్బొస్తే ఎవరిని అడగాలంటే నీ పేరు చెబుదామనుకుంటున్నా” అన్నది.

“నేనా? నీకు పిచ్చిగానీ పట్టిందా?”

“పట్టినప్పటి కోసమే చెబుతున్నా.”

మాన్సా కట్టె కింద పెట్టింది. “మీ అక్కచెల్లెళ్ళు లేరూ?”

“వాళ్ళకి నామీద ప్రేమే. ఆ ప్రేమతోనే బెదిరిపోయి మామ దగ్గరికి పరిగెడతారు. నీకు నామీద అట్లాంటిదేం లేదు కదా.”

“ఛీ, లేదు.”

“అందుకే నువ్వు కావాలి. పోయిన రెండుసార్లూ ముందు పసిగట్టిందెవరు?”

మాన్సా గోడ దగ్గరకు వచ్చింది. “నేను తిడితే నువ్వు తిరిగి తిట్టలేదు. దీనికేదో అయిందని మీవాళ్ళకి చెబితే, పోట్లాట బోరు కొట్టిందేమో పొమ్మన్నారు.” తరువాత గొంతు తగ్గించి అడిగింది. “సరే, ఒప్పుకున్నా అనుకో. ఆస్పత్రికి పదమంటే నువ్వు రానంటే? అప్పుడేం చెయ్యాలి?”

ఇది అరబా తనను తాను అడగడానికి జంకిన ప్రశ్న. ఆమె పొగ వంక చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

“రాననే అంటాను. అప్పుడు నా పక్కన కూర్చుని తిట్టు. నేను లేచేదాకా తిట్టు. చెయ్యి పట్టుకో, కాళ్ళు మాత్రం ఎవర్నీ పట్టుకోనియ్యకు. మామ తెప్పించే కారు కాదు, బైడూని పిలువు. ఇంకోటి, నా చేపలు చవగ్గా అమ్మావో, వచ్చాక నీ సంగతి చూస్తా.”

ఆ తీరంలో మంగళవారం పడవలు సముద్రంలోకి పోకూడదు. అటువంటి మంగళవారం నాడు బెంట్సిల్ వాకిట వంశపెద్దలు కూడారు. అరబా ఆచారప్రకారం జిన్ను అనే మద్యం సీసా ఒకటి తీసుకొని వెళ్ళింది, పక్కన మాన్సా. రక్తసంబంధం లేని ఆడది ఇంటిసభకు ఎందుకు వచ్చినదని చూపులు తిరిగినవి. నీళ్ళిచ్చారు, తాగారు. బెంట్సిల్ గొంతు సవరించుకొని, “ఇక్కడందరం క్షేమం. మీరొచ్చిన పనేమిటి?” అని అడిగాడు.

అరబా నోరు విప్పలేదు. మాన్సా లేచి నిలబడి, తడబడకుండా, అరబా చెప్పమన్నదంతా చెప్పింది: గొలుసు వద్దు, శిబిరం వద్దు, జబ్బు తిరగబెడితే ముందుగా మాన్సానే అడగాలని.

వాకిట కలకలం లేచింది. “నిన్న సంతలో అరబా ముత్తాతని కూడా తిట్టిన మనిషి కదా ఇది!” అన్నారొకరు. “ముందు ఆ పిల్లని చూడండయ్యా. ఒక్కమాటా మాట్లాడదేం? అప్పుడూ ఇట్లాగే మొదలయింది. కారుకి కబురు పెడదామా?” అన్నారు మరొకరు. బెంట్సిల్ మేనకోడలి ముఖం వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పాతభయం మాత్రమే ఉన్నది. ఆ భయమే కారును పిలుస్తుందని అరబాకు తెలుసు. ఆమె లేచింది.

“మామా, కొలువులో నాయకుడు మాట్లాడడు. నువ్వు కర్ర పట్టుకుని మాట్లాడతావు. ఆయన నోరు మెదపలేదని ఎవరైనా ఆయనకి జబ్బన్నారా?”

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకొన్నారు.

“తన నోరు ఎవరో నాయకుడే ఏర్పరచుకున్నాడు, బాగున్న రోజున, అందరి ముందరా. నేనూ అంతే చేస్తున్నాను.”

బెంట్సిల్ కర్రను పక్కన పెట్టాడు. మాట్లాడినపుడు అది కొలువులో వినిపించే గొంతు కాదు.

“నిన్ను ఇసుకలో పడుకోబెట్టినప్పుడు నీ నోట్లోంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయమ్మా. మా అక్క పోతూ నిన్ను నా చేతిలో పెట్టింది. సముద్రం తీసుకుపోతుందని కట్టించాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు.”

“తెలుసు మామా. నాకు నీమీద కోపం లేదు. అప్పుడు నీకు తెలిసింది అదొక్కటే. ఇప్పుడు ఇంకోటి ఉందని చెప్పడానికే వచ్చాను.”

ఆయన కండువాతో ముఖం తుడుచుకొని మాన్సా వైపు తిరిగాడు. ఈసారి గొంతులో అధికారం ఉన్నది.

“ఇంకొకరి నోరుగా ఉండటం తేలికనుకుంటున్నావా? వాళ్ళు చెప్పినదానికి ఒక్కమాట కలపకూడదు, ఒక్కమాట తగ్గించకూడదు. నువ్వు మాట తగ్గించే మనిషివి కాదు.”

“మాటలు ఆమెవే చెబుతాను పెద్దాయనా. తిట్లు మాత్రం నావి.”

ఈసారి ఎవరూ నవ్వు ఆపుకోలేదు, బెంట్సిల్ కూడా. “అయితే నాదొక షరతు” అన్నాడు. “ముందు నిన్నే అడుగుతాం. కానీ రెండో కబురు నాకు రావాలి. నా పిల్లకి బాగాలేదని నేను సంతలో వినకూడదు.” అరబా తల ఊపింది. ఆయన సీసా మూత తీసి, పూర్వీకుల పేర్లు చెబుతూ నేలమీద జిన్ను ధారపోశాడు. ఆ పేర్ల చివర అరబా పేరు, దాని వెనుక మాన్సా పేరు కలిపాడు.

మరుసటి సంవత్సరం కవళ్ళ చేపలు విరగబడిన రోజులలో ఒక ఉదయం మాన్సా గోడమీదుగా, “అరబా, నీ పొయ్యిలో పొగ లేదేం? దానికి కూడా నీ మొహం చూడబుద్ధి కాలేదా?” అన్నది. బదులు లేదు. ఇంకొకటి విసిరింది, మరింత కారంగా. అరబా చల్లని పొయ్యి ముందర కూర్చొని సముద్రం వైపు చెవి ఒగ్గి ఉన్నది. మాన్సా ఆమె చేయి పట్టుకొని ఇంట్లోకి తీసుకొనిపోయింది. బైడూకు కబురంపింది, మాట ఇచ్చిన ప్రకారం రెండవ కబురు బెంట్సిల్‌కు పంపింది.

ఆయన వచ్చేసరికి సంగతి చెవినపడ్డ వంశంవారు కారుతో సహా వచ్చి అరబా వాకిట నిలిచి ఉన్నారు. బెంట్సిల్ గుమ్మానికి అడ్డంగా కర్ర నిలిపి, లోపల కూర్చున్న మాన్సాను చూపించాడు. “ఆ పిల్ల నోరు అక్కడుంది. ఏం చెయ్యాలో ఆమెని అడగండి.”

“కారు వెనక్కి పంపండి” అన్నది మాన్సా. అని మరల అరబా చేయి తన ఒడిలోకి తీసుకొని తిట్టడం సాగించింది. ఆస్పత్రికి రానంటే రానన్నది అరబా. బైడూ పక్కన కూర్చొని మెల్లగా మాట్లాడాడు. ఎండ నెత్తికెక్కి దిగేవరకు అదే తంతు. చివరికి, ఏ తిట్టుకు విసిగినదో గాని, అరబా లేచి నిలబడినది. మాన్సా చేయి విడవకుండా నడిచి ఆస్పత్రి బండి ఎక్కినది.

ఇంటికి తిరిగివచ్చిన అరబా కొన్నాళ్ళు మందకొడిగా ఉన్నది. అడిగినదానికి అవును కాదు అనేది, అంతే. మాన్సా ఆమె పొయ్యిని కూడా తానే చూసుకొన్నది, చేప ధర తగ్గించకుండా. ఒక ఉదయం బెంట్సిల్ కొలువుకు పోతూ ఆ దారిన వచ్చాడు. అప్పుడే మాన్సా గొంతు లేచింది.

“ఏమే అరబా, ఆ గంపలోవి చేపలా, ఆస్పత్రి నుంచి తెచ్చిన పాత కట్లా?”

గోడ అవతల కట్టె ఒకటి చిటపటమన్నది. ఆ వెనుకనే బదులు వచ్చింది.

“కట్లేనే. నీ నాలిక్కి చుడదామని తెచ్చా. సరిపోక ఆగాను.”

“విన్నారా పెద్దాయనా?” అని మాన్సా వీధిలోకి అరిచింది. “బాగైపోయింది!”

“విన్నాను” అన్నాడు బెంట్సిల్, నడక ఆపకుండా. “ఊరంతా విన్నది.”