అత్త చేతిలో కొబ్బరికాయ, నా చేతిలో కొత్త లెన్స్

ఈ మధ్య మా అత్తారింటికాడ నా పరువెలా పోయిందో సెప్తాను, నవ్వకండి. సర్లే, నవ్వండి, ఏటి సేస్తాం!

నా కెమెరా కొత్త లెన్స్ సంగతి తెలుసు కదా, ఎఫ్ 1.4, తక్కువ వెలుతురుకి పెట్టింది పేరు! ఆర్నెల్లు ఇంట్లో పోట్లాడి కొన్నాను. మా ఆఫీసు రాంబాబేమో కొత్త కెమెరా కొని, "కెమెరాలో ఐఎస్ఓ పెంచుకో బావా, సీకట్లో కూడా ఫొటో వస్తాది" అంటాడు. "ఫొటో నిండా ఇసక పోసినట్టు గింజలొస్తాయిరా! నేను ఐఎస్ఓ నాలుగొందలు దాటను" అని నేను. రోజూ టీ కాడ ఇదే గొడవ.

అత్తోళ్ళది సముద్రం ఒడ్డు ఊరు. బావలు ముగ్గురూ కలిసి కొత్త పడవ కట్టించారు. తెల్లారకముందే ముహూర్తం. ఇంట్లో పెద్దావిడ పడవ ముందు కొబ్బరికాయ కొట్టాలి. అత్త ముందురోజే నా సెయ్యి పట్టుకుంది.

"అల్లుడా, ముగ్గురు కొడుకులూ ఒక్కసారి గట్టు మీద కనబడరు. ఎవుడో ఒకడు సేపల వేటలోనే ఉంటాడు. మా నలుగుర్నీ ఒక్క ఫొటో తియ్యి."

వెలుతురింకా రాలేదు. "ఫ్లాషెయ్యి బావా" అన్నాడు పెద్ద బావ. "ఈ లెన్సుకి ఫ్లాషేటి!" అని లెన్స్ మొత్తం తెరిచేశాను. అలా తెరిస్తే వెలుతురు బాగా వస్తాది, నిజమే. కానీ దగ్గర్నుంచి తీస్తే ఏదో ఒక్కటే స్పష్టంగా పడతాది, మిగతాదంతా మసకే. తెలీక కాదు, గింజలొస్తాయని భయం! అత్త కాయ ముందుకెత్తింది, నేను నొక్కేశాను. కెమెరా వెనక బుల్లి తెర మీద సూస్తే అదిరింది. పడవ నీళ్ళలోకి పోయింది, బావలూ దాంట్లోనే వేటకి పోయారు.

మధ్యాన్నం ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి సూద్దును కదా... కొబ్బరికాయ! పీచు పీచూ లెక్కెట్టొచ్చు. వెనకాల నాలుగు మసకలు.

అత్త తెర దగ్గరికి మొహం పెట్టి సూసింది. "కాయ బాగా పడ్డాది అల్లుడా. మా మనుసులేరీ?"

ఐఎస్ఓ పెంచి, లెన్స్ కాస్త మూసుంటే నలుగురూ పడుదురు. గింజలుంటే ఆవిడకేటి? మొహాలు కనబడితే సాలు. నా పంతానికి ఆవిడ ఆశ పోయింది. ఆ ముగ్గురూ మళ్ళీ ఎప్పుడు దొరుకుతారో!

ఆ ఫొటో సెరిపేస్తానంటే అత్త ఒప్పుకోలేదు. ఫ్రేము కట్టించి గుమ్మం ఎదురుగా పెట్టింది. వచ్చినోళ్ళకి వేలెట్టి సూపిస్తాది: "ఈ మసక పెద్దోడు, ఆ మసక నడిపోడు, ఇటేపుది సిన్నోడు. మా అల్లుడే తీసినాడు!"

అందర్నీ మసక సేసేశాను కదా అత్తా, నన్నొక్కడినే ఎందుకంత స్పష్టంగా సూపిస్తావు!