రాళ్ళచెలకలో నేను చెప్పని మాట

పొద్దున టిఫిన్ కాగానే రక్తపోటు మాత్ర వేసుకోవడం నాకు రెండేళ్ళుగా అలవాటు. అట్టను బొటనవేలితో నొక్కితే వెనక రేకు చిట్లుతుంది. చాలా చిన్న చప్పుడు. సారపాకలో మా ఇంటి ముందు నుంచి జామాయిల్ కర్ర వేసుకుని కాగితం మిల్లుకు పోయే లారీల రొద రోజంతా ఉంటుంది. ఆ రొదలో కూడా ఈ చప్పుడు నాకు వినిపిస్తుంది. వినిపించగానే పక్కన ఒక పొడవాటి ముసలాయన నిలబడి, తల పైకెత్తి, స్టీలు గ్లాసుతో నీళ్ళు గుటకేస్తున్నట్టు ఉంటుంది. ఆయన పేరు వాల్టర్. అడవి ఊళ్ళవాళ్ళకు వాల్టరయ్య. న్యూజిలాండ్‌లో నలభై ఏళ్ళు గొర్రెలు పెంచి, మందను తమ్ముడికి అప్పగించి, ఏటా జనవరిలో మా వైపు వచ్చి ఎండలు ముదిరేదాకా ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పేవారు. భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఎనిమిది చిన్న సంఘాలు ఆయన తిరిగే చోట్లు. ఏ సంఘంలోనూ ముప్ఫై ఇళ్ళకు మించి ఉండవు. ఆయనకు తెలుగు రాదు. నేను ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అలా ఆయనకు ఆరేళ్ళు నోరునయ్యాను.

పక్కపక్కనే నిలబడేవాళ్ళం. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగితే నేను దాన్ని తెలుగులో చెప్పాలి. మొదటి రోజే నాకు ఒక షరతు పెట్టారు. "నేను తెలివితక్కువ మాట అంటే దాన్ని తెలివితక్కువగానే చెప్పు. ఆ సిగ్గు నాది. దాన్ని నా దగ్గర్నుంచి తీసుకోకు" అన్నారు. నవ్వుతూ అన్నారు గనక నేనూ నవ్వాను. కూటం అయ్యాక ఎవరో ఒకరి పక్కన నేలమీద చతికిలబడి, ఈరోజు నేనేం చెప్పానో చెప్పమ్మా అని అడిగేవారు. తన మాట చేరిందో లేదో చూసుకోవడం ఆయన పద్ధతి. కానీ ఆ అడగడం నా నోటితోనే, వాళ్ళ జవాబు ఆయనకు చేరడమూ నా నోటితోనే. ఆ పరీక్షలో నేను ఏది కావాలంటే అది రాసుకోవచ్చని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ఆయన ఎలాంటి మనిషో తెలియాలంటే గొర్రెపిల్ల సంగతి చెప్పాలి. రెండో ఏడు అనుకుంటాను. ఒక ఊళ్ళో సాయంత్రం కూటంలో, మంచు కురిసిన రోజు తల్లి వదిలేసిన గొర్రెపిల్లను కోటు లోపల పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చిన సంగతి చెప్పారు. పొయ్యి పక్కన పెట్టి పాలు పట్టిస్తే తెల్లారేసరికి లేచి నిలబడిందన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు మేం మరో ఊళ్ళో ఉన్నాం. పొద్దున్నే లేచి, నిన్నటి ఊరికి తిరిగి నడిచిపోదాం అన్నారు. వాగు దాటి రెండు గంటల నడక. అక్కడ పొలాలకు బయలుదేరుతున్న నలుగురిని ఆపి, నా చేత చెప్పించారు. నిన్న ఆ గొర్రెపిల్ల బతికిందన్నాను. బతకలేదు. కథ బాగుంటుందని అలా చెప్పాను. తప్పు చేశాను. నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. గంప నెత్తినెట్టుకున్న ఒక ముసలామె మాత్రం పక్కామెతో అంది: "గొర్రెపిల్ల సచ్చిందని సెప్పనీకి ఇంత దూరం నడిసొచ్చిండంటనే. మా ఆయనైతే నేను సచ్చినా రాడు." అందరూ నవ్వారు. ఆమె ఏమందని వాల్టరయ్య అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన వాగు దాటేదాకా నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం లోపల చికాకు. రెండు గంటలు నడవడానికి అదీ ఒక కారణమేనా అనుకున్నాను.

అప్పటికే నాలో ఒక జబ్బు మొదలైంది. ఆయన మాట చప్పగా ఉండేది. వడ్లు దంచినట్టు ఒకే తీరు. నేను దానికి కొంచెం ఉప్పూకారం వేసేవాణ్ణి. ఆయన "దేవుడు మనల్ని మరిచిపోడు" అంటే, నేను "కన్నతల్లి మరిచినా దేవుడు మరువడు" అని గొంతు పెంచేవాణ్ణి. జనం ఊగిపోయేవాళ్ళు. అయ్య సెప్పేదానికన్నా సారు సెప్తేనే బాగుంటదని కొందరు నా ముందే అనేవాళ్ళు. నేను తల దించుకునేవాణ్ణి గానీ ఆ మాట ఇంటిదాకా మోసుకుపోయేవాణ్ణి. వాల్టరయ్య పక్కన నిలబడిన ఆ ఆరేళ్ళలో నేను దేవుణ్ణి ఎంత తలుచుకున్నానో తెలియదు. నన్ను ఎవరెవరు చూస్తున్నారో మాత్రం ఎప్పుడూ తెలిసే ఉండేది.

ఐదో ఏడు రాళ్ళచెలక కూటానికి ముందు ఆ ఊరి పాస్టర్ ఏసుపాదం నన్ను పక్కకు పిలిచాడు. కూలికి పోతూ సంఘాన్ని చూసుకునే మంచి మనిషి. దగ్గర్లో ఎవరో పెద్ద మైకులు పెట్టి స్వస్థత కూటాలు నడుపుతున్నారని, కుంటివాళ్ళు లేచి నడుస్తున్నారని చెప్పుకుంటున్నారని, మనవాళ్ళు ఒక్కొక్కరే అటు జారిపోతున్నారని చెప్పాడు. "ఈసారి జెర గట్టిగ సెప్పున్రి సారూ. మనకాడ ఏమైతలేదనుకుంటుండ్రు" అన్నాడు. చూస్తాలే అన్నాను.

ఆ రోజు వాక్యం ముగిశాక మార్తమ్మ అనే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని ముందుకొచ్చింది. కూతురు రూతుకు పదహారేళ్ళు. ఆ రేకుల షెడ్డు చర్చిలో కంజీర వాయించేది ఆ పిల్లే. పాట మొదలవక ముందే వేళ్ళు ఆడిస్తూ ఉండేది. ఆమెకు మూర్ఛలు. దవాఖానా మాత్రలు మొదలుపెట్టి రెండేళ్ళు, ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా పడిపోలేదు. మార్తమ్మ అడిగింది ఒకటే. "ఇంకెన్ని దినాలు మింగాలె అయ్యా ఈ గోలీలు? పిల్లకు సంబంధం వస్తే ఏం సెప్పాలె?"

నేను అది ఆయనకు చెప్పాను. వాల్టరయ్య రూతు తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. తరువాత మార్తమ్మ వైపు తిరిగి, జేబులోంచి తన గుండె మాత్రల అట్ట తీసి చూపించి, మూడు చిన్న వాక్యాలు చెప్పారు. మాత్రలు మాత్రం మాన్పించవద్దు. నేను రోజూ పొద్దున ప్రార్థన చేస్తాను, రోజూ పొద్దున మాత్ర వేసుకుంటాను. రెండూ ఇచ్చేది ఒక్క చెయ్యే.

షెడ్డు నిండా జనం. కన్నీళ్ళతో ఉన్నారు. ఆ క్షణంలో మాత్రల సంగతి చెబితే మండుతున్న పొయ్యిలో నీళ్ళు పోసినట్టు అవుతుందనిపించింది. పక్కన ఏసుపాదం నన్నే చూస్తున్నాడు. నా నోట్లో వేరే మాట సిద్ధంగా ఉంది. గొంతెత్తి అన్నాను: "అమ్మా, భయపడకు. ఈ గోలీలతో ఇక పనిలేదంటున్నారు అయ్యగారు. ఈ ప్రార్థనే నీ బిడ్డకు మందు."

షెడ్డు రేకులు అదిరేలా స్తోత్రం అన్నారు. రూతు పరుగున పోయి కంజీర అందుకుంది. వాల్టరయ్య బిత్తరపోయి, తరువాత మురిసిపోయి, నా చెవిలో అన్నారు: "మీ వాళ్ళకు మాత్రలంటే ఇంత ఇష్టమని నాకు తెలియదు."

నన్ను అక్కడే ఆపడానికి ఆ మాట చాలి ఉండాల్సింది. మర్నాడు పొద్దున నేను రాళ్ళచెలకకు తిరిగి నడిచి ఉండొచ్చు. దారి తెలుసు, నడిచి చూపించిన మనిషి పక్కనే ఉన్నాడు. ఆశా కార్యకర్త మాత్రలు తెచ్చి ఇస్తూనే ఉంటుందిలే, ఏ తల్లి అయినా నిజంగా మానేస్తుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. వచ్చే వారం పోదాంలే అనుకున్నాను. పోలేదు.

వానలు మొదలయ్యాక ఏసుపాదం ఫోన్ చేశాడు. రూతు బట్టలు ఉతకడానికి వాగుకు పోయి, అక్కడ మూర్ఛ వచ్చి, ముఖం నీళ్ళలో పడి ఊపిరాడక చనిపోయిందని చెప్పాడు. మోకాలి లోతు నీళ్ళంట. మార్తమ్మ ఆ కూటం మర్నాడే మాత్రలన్నీ వాగులో పారేసిందని, ఆశా ఇచ్చినవీ అలాగే పారేసిందని కూడా చెప్పాడు. ఆయన కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు. కానీ ఇంగ్లీషు రాదు. నేను చెప్పిందే వాల్టరయ్య మాట అనుకున్నాడు. కాదని నేను అనలేదు.

వాల్టరయ్య నెలకోసారి ఫోన్ చేసేవారు. చిన్న నోటు పుస్తకంలో ప్రతి ఇంటి పేరూ రాసుకుని, ఒక్కొక్కరి సంగతి అడిగేవారు. రూతు ఎలా ఉంది, మాత్రలు వేసుకుంటోందా అని అడిగారు. బాగుంది, వేసుకుంటోంది అన్నాను. ఆరు నెలలు అలాగే అన్నాను.

మళ్ళీ జనవరి వచ్చింది. ఆయన సంచిలో ఒక ఎర్ర ఉన్ని మఫ్లర్ ఉంది. రూతు కోసం ఆయన భార్య అల్లి పంపింది. జీపు రాళ్ళచెలక దారి ఎక్కాక, ఇక తప్పక, వానల్లో జ్వరం వచ్చి ఆ పిల్ల పోయిందని, ఫోన్‌లో చెప్పి మిమ్మల్ని బాధపెట్టలేకపోయానని చెప్పాను. ఆయన జీపు ఆపించి, దిగి, టేకు చెట్ల మధ్య చాలాసేపు అటు తిరిగి నిలబడ్డారు.

మార్తమ్మ ఇంటి ముందు చేటలో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. చేట కింద పెట్టి ఆయన ముఖంలోకి చూస్తూ మాట్లాడింది. "నువ్వే గద అయ్యా గోలీలు అక్కర్లేదంటివి. దేవుని మాట అనుకొని పారేసిన. నా బిడ్డ నీళ్ళల్ల బోర్లపడి ఉంటే నేను పోయి తీసుకొచ్చుకున్న. ఎందుకట్ల సెప్పినవయ్యా? నీకు నా బిడ్డ ఏం జేసింది?"

ఆయన నా వైపు తిరిగారు. నేను అన్నాను: "దేవుని చిత్తం అంటోంది. వచ్చినందుకు సంతోషమంటోంది."

"అంతేనా? చాలాసేపు మాట్లాడింది."

"అంతే."

ఆయన ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చున్నారు. ఆ సమయంలో నీ దగ్గర లేకపోయాను, అందుకు నన్ను క్షమించు అన్నారు. నేను ఆ వాక్యంలో సగమే చెప్పాను. "నన్ను క్షమించు అంటున్నారు." సగం చెబితే దాని అర్థం ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను. మార్తమ్మ ఆయన్ని కిందనుంచి మీదికి ఒకసారి చూసి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. మఫ్లర్ ఆయన చేతుల్లోనే ఉండిపోయింది.

ఆ తరువాత రాళ్ళచెలకలో కూటం జరగలేదు. తప్పు చేశానని ఆయనే మోకాళ్ళమీద ఒప్పుకున్నాడన్న మాట ఊరూరికీ పాకింది. ఏడాది తిరిగేసరికి ఎనిమిది సంఘాల్లో ఆరు ఆయన్ని రావద్దన్నాయి. వద్దన్న మాటను ఆయనకు ఇంగ్లీషులో రాసింది నేనే. నేను చేసిన తప్పేమిటో చెప్పు, వచ్చి దిద్దుకుంటాను అని ఆయన జవాబు రాశారు. జనంలో ఆసక్తి తగ్గిందని రాశాను. ఆయన మళ్ళీ రాలేదు. నాలుగేళ్ళకు గుండె ఆగి పోయారు. చివరి దాకా రాళ్ళచెలక ఇళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేసేవారని, ఏం పొరపాటు జరిగిందో తెలియలేదని బాధపడేవారని ఆయన భార్య రాసింది. ఆమెకు జరిగిందంతా రాశాను. జవాబు రాలేదు.

నిరుడు వేసవి మొదట్లో రాళ్ళచెలకకు పోయాను. అప్పటికి రూతు పోయి ఏడేళ్ళు. బస్సు దిగి, వాగు దాటి, నడిచే పోయాను. చర్చి షెడ్డులో ఎవరివో మిర్చి బస్తాలు ఉన్నాయి. మార్తమ్మ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. నిలబడే చెప్పేశాను. ఆ మాట ఆయన అనలేదు, నేనన్నాను. తరువాత నువ్వు అడిగింది కూడా ఆయనకు చెప్పలేదు. ఆయన అది తెలియకుండానే చనిపోయారు. ఆమె చేతులు కాసేపు పువ్వును పరుస్తూనే ఉన్నాయి. తరువాత ఆగాయి.

"మరి ఆయన ఏమన్నడు? అన్నది అన్నట్టు సెప్పు."

చెప్పాను. మాత్రలు మాన్పించవద్దమ్మా. నేను రోజూ పొద్దున ప్రార్థన చేస్తాను, రోజూ పొద్దున మాత్ర వేసుకుంటాను. రెండూ ఇచ్చేది ఒక్క చెయ్యే.

"గింతేనా?"

"ఇంతేనమ్మా."

"ఇంత మాట సెప్పనీకి నీకు నోరు రాలేదా సారూ?"

ఆమె ఏడవలేదు. నా వైపు చూడకుండా అంది: "ఆ ముసలాయన్ని ఏడేండ్లు తిట్టిన. పొద్దుగాల లేస్తే తిట్టిన. మన్నువడ అన్న, నీ ఇంట్ల దీపం ఆరిపోను అన్న. ఆయన సచ్చిపోయిండంటున్నవు. ఇప్పుడు ఆ తిట్లన్నీ ఏడికి పోవాలె?"

నా మీదికి రావాలి అందామనుకున్నాను. అది కూడా చప్పట్ల కోసం అన్నట్టే ఉంటుందనిపించి ఊరుకున్నాను. కాసేపటికి ఆమే అంది, బస్సు పోతది, పో అని. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు నేను ఎవరి పక్కనా నిలబడి తర్జుమా చెప్పను. రెండు మూడు చోట్ల పిలిచారు, రానన్నాను. బడిలో పిల్లలకు అనువాదం చెప్పేటప్పుడు ఒక్క మాట వదిలేసినా మళ్ళీ రాయిస్తాను. సారుకు చాదస్తం అనుకుంటారు. పొద్దున అట్ట నొక్కి, రేకు చిట్లాక, మాత్ర నోట్లో వేసుకునే ముందు ఆ మూడు వాక్యాలూ తెలుగులో పైకి చెప్పుకుంటాను. ఒక్క మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఎవరితో మాట్లాడుతున్నారని మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంది. ఎవరితోనూ కాదంటాను. అది నిజమే. వినవలసినవాళ్ళు ఎవరూ అక్కడ ఉండరు.