కసియాతి సంతకాలు, రహాయు లాగిన్

వెనింగ్ థర్మామీటరు మూడోసారి చూసింది. ముప్పై ఎనిమిది పాయింట్ రెండు సెల్సియస్. మొదటిసారీ అంతే, రెండోసారీ అంతే. నాలుగోసారి పెట్టబోతుంటే అత్తగారు బు ముకీనా పిల్లవాడిని భుజాన వేసుకుని పక్కకు జరిగింది.

"జ్వరం వాడికైతే వణుకు నీకేంటమ్మాయ్? పో, ఆఫీసుకి పో. వాడి పేరే వాడికి బరువు. బాగస్కర! సూర్యుడట! తొమ్మిది కిలోల బిడ్డ నెత్తిన సూర్యుణ్ణి పెడితే మోస్తాడా? మార్చమని ఆర్నెల్ల నుంచి మొత్తుకుంటున్నా."

"వైరస్‌కి వాడి పేరు తెలుసా ఏంటి ఇబూ?" ఇబూ అంటే అమ్మ, పెద్దావిడలందరికీ అదే పిలుపు, పొట్టిగా 'బు'.

"వైరస్‌కి తెలీదులే. మోసేవాడికి తెలుస్తుంది."

వెనింగ్ ఫ్రిజ్ తలుపు మీద అంటించిన గ్రాఫు కాగితంలో ఇవాళ్టి చుక్క పెట్టింది. పద్నాలుగు నెలల్లో తొమ్మిది జ్వరాలు. మలాంగ్‌లో లెక్కల డిగ్రీ చదివిన మనిషి. చుక్కల్ని కలిపితే ఏదో ఒక గీత కనపడాలని ఆమె నమ్మకం. ఇంతవరకు ఏ గీతా కనపడలేదు.

సిదోఆర్జో రొయ్యల ఫ్యాక్టరీకి స్కూటరు మీద ఇరవై నిమిషాలు. దారి పొడుగునా చంటివాడి ఒంటి వేడి ఆమె మెడ మీదే ఉన్నట్టుంది. ఫ్యాక్టరీలో ఆమెది తాళాల ఉద్యోగం, కాకపోతే ఆ తాళాలు కంటికి కనపడవు. హాజరుకొకటి, సెలవులకొకటి, శీతల గదులకొకటి, ల్యాబు రికార్డులకొకటి, మొత్తం పదకొండు సాఫ్ట్‌వేర్లు. నిన్నమొన్నటి వరకు పదకొండింటికీ పదకొండు పాస్‌వర్డులు. గుర్తుండక జనం వాటిని కీబోర్డు కింద చీటీ మీద రాసుకునేవారు. ల్యాబు వాళ్లయితే ఆ బాధ కూడా పడలేదు, ఎవరి ఖాతా వాళ్లకున్నా అందరూ ఒకే పేరుతో లోపలికి వెళ్లేవారు. వాళ్ల పాస్‌వర్డు గోడ క్యాలెండరు వెనక ఉండేది.

ఒక్క కసియాతి మాత్రం ఆ చీటీ ముట్టుకోలేదు. తొమ్మిదేళ్లుగా రొయ్యల్లో మందుల అవశేషాలు పరీక్షించిన ప్రతిసారీ సొంత పేరుతో వెళ్లి, సొంతంగా సంతకం పెట్టేది. "నా చేత్తో చూసింది నా పేరు మీదే ఉండాలి" అనేది.

ఆ పదకొండు తలుపులకూ కలిపి వెనింగ్ ఒకే వాకిలి కట్టింది. పొద్దున ఒక్కసారి లాగిన్ అయితే చాలు, ఎవరు ఏ గదిలోకి పోవచ్చో ఆ వాకిలే చూసుకుంటుంది. ల్యాబు తలుపును శనివారం సాయంత్రం దానికి తగిలించింది. ఇవాళ సోమవారం. పది గంటలకు విదేశీ కొనుగోలుదారుల తనిఖీ బృందం వస్తోంది.

ఏడూ పావుకే ఆమె బల్ల దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. రెండు ఆపరేషన్లతో సగానికి సగం తగ్గిన మనిషి.

"నేను కొత్తగా చేరానట అమ్మాయ్. 'స్వాగతం' అంటోంది నీ కంప్యూటరు. రికార్డులేవీ లేవు. నా తొమ్మిదేళ్లు ఏం చేశావు?"

ఎదురుగా ఉన్నది ఆ కసియాతే. ఇప్పుడు కసియాతి కాదు, రహాయు. ఏడాదిలో రెండుసార్లు కత్తి కిందికి వెళ్లొచ్చాక, పేరు ఒంటికి సరిపడలేదని పెద్దవాళ్లు తేల్చారు. కోర్టుకు వెళ్లి మరీ మార్చుకుంది. రెండు వారాల కిందట, పేరు మార్పుకు ఆనవాయితీగా చేసే ఎరుపు తెలుపు గంజి డబ్బాల్లో పెట్టి ఫ్యాక్టరీ అంతా పంచింది. ఒక సగం తెల్లగా, ఒక సగం తాటిబెల్లంతో ఎర్రగా. తన డబ్బా వెనింగ్ ఇదే బల్ల దగ్గర గీకి గీకి తింది. చెంచా నోట్లో ఉండగానే, మనిషిని గుర్తుపట్టే ఆనవాలు ఏది అని సాఫ్ట్‌వేర్ అడిగినచోట 'ఈమెయిల్' అని నొక్కింది.

ఈమెయిల్ పేరులోంచే పుడుతుంది. పేరు మారింది, ఈమెయిల్ మారింది. కొత్త ఈమెయిల్‌తో వచ్చిన మనిషిని ల్యాబు సాఫ్ట్‌వేర్ ఎరగదు. ఎరగదు కనుక కొత్త ఖాతా ఒకటి తెరిచి స్వాగతం పలికింది. పేర్లు మార్చుకునే ఊళ్లో పుట్టి, గంజి కూడా తిని, ఈ తప్పు ఎలా చేశాను అనుకుంది వెనింగ్.

ఖాళీ ఖాతాను తీసేద్దామంటే కుదరదు. తనిఖీ నిబంధన ప్రకారం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి పుట్టిన ఖాతా చెరగదు. ఆ ఖాతా ఉన్నంతవరకు కొత్త ఈమెయిల్ పాత ఖాతాకు అతకదు.

క్వాలిటీ విభాగం పెద్ద హెందార్తో వచ్చాడు, అందరూ గౌరవంగా 'పాక్' అని పిలిచే మనిషి. సంగతి విని గడియారం చూశాడు.

"ఇంత గొడవెందుకు? సిబ్బంది పట్టీలో పాత పేరు పెట్టేయ్. ఐదు నిమిషాల పని. తనిఖీ వాళ్లు పోయాక మళ్లీ మార్చు."

"నేనొప్పుకోను" అంది రహాయు.

"ఒక్కరోజే కదా బు!"

"ఒక్కరోజు చాలదూ? పాతిపెట్టిన పేరు పాక్ అది. నువ్వు పిలిస్తే అది ఒక్కతే రాదు, వెంట ఏమొస్తుందో నాకు తెలుసు. కావాలంటే నీ పేరు మార్చుకో, ఒక్కరోజు."

"నా పేరుకేం రోగం?"

"అదే అంటున్నా. రోగం లేనోడివి, నీకు భయమేంటి?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. హెందార్తో నవ్వలేదు. "పదింటికి ఆ రికార్డులు ఈవిడ చేత్తో తెరుచుకోకపోతే అవి ఎవరో అనామకులు పెట్టిన సంతకాలని రాసేస్తారు. తొమ్మిదేళ్ల పరీక్షలు! వెనింగ్, నీ తప్పు, నువ్వే చూసుకో" అని వెళ్లిపోయాడు.

కోర్టు కాగితం ఉండగా పాత పేరు పెట్టడం తనిఖీ ముందు అబద్ధం ఆడటమే. రెండో దారి ఒకటుంది. అందరికీ ఆనవాలే మార్చాలి. ఈమెయిల్ తీసేసి సిబ్బంది నంబరు పెట్టాలి. రహాయు నంబరు కసియాతి నంబరే, మారలేదు. కానీ పొరపాటు జరిగితే ఒక్క రహాయు కాదు, ల్యాబు సాఫ్ట్‌వేర్‌లో ఖాతాలున్న నూట నలభై ముగ్గురూ తనిఖీ వేళకు గుమ్మం బయటే ఉంటారు, వెనింగ్‌తో సహా.

ఫోన్ మోగింది. "ముప్పై ఎనిమిది ఆరు" అంది అత్తగారు. "కంగారు పడకు. చెప్పకపోతే తిడతావని చెప్పా."

"సిరప్ ఎంత పోశారు? కొలిచే పోశారా?"

"లేదు, చెంబుతో పోశా! పెట్టెయ్ ఫోను."

వెనింగ్ పాత ఖాతాల పట్టీ దింపి, సిబ్బంది పట్టీతో పక్కపక్కన పెట్టి చూసింది. నూట పన్నెండు నంబర్లు కలిశాయి. ముప్పై ఒకటి కలవలేదు. అందరూ పాతకాపులే. రహాయు నంబరు 00417, పాత ఖాతాల పట్టీలో ఉన్నది 417. ఎవరో ఎప్పుడో ఆ పట్టీని మామూలు లెక్కల షీటులో తెరిచి సేవ్ చేశారు. ముందున్న సున్నాలను షీటు మింగేసింది. చూసుకోకుండా నొక్కి ఉంటే పాతవాళ్లందరూ కొత్తవాళ్లయ్యేవారు, ఎప్పటికీ చెరగని ఖాళీ ఖాతాలతో.

సున్నాలు తిరిగి పెట్టింది. ఎక్కించింది. మళ్లీ దింపి ఇంకోసారి పోల్చింది. మూడోసారి పోల్చబోతుంటే పక్కన కుర్చీ వేసుక్కూర్చున్న రహాయు ఆమె మణికట్టు పట్టుకుంది.

"రెండుసార్లు చూశావు కదా అమ్మాయ్. నేనూ ఏ నమూనానైనా రెండుసార్లే చూస్తా. మూడోసారి చూస్తే లేనివి కనపడతాయి."

తొమ్మిదీ నలభై. వెనింగ్ లాప్‌టాప్‌కు ఛార్జరు పెట్టి, అది ఊడకుండా తీగ మీద చెప్పుకాలు మోపింది. తెర మీద ముందే లాగిన్ అయి ఉన్న కిటికీ ఒక్కటే ఆమె చేతిలో తెరిచి ఉన్న తలుపు. అది మూసుకుపోతే తిరిగి సరిదిద్దడానికి లోపలికి పోయే దారుండదు. ఆనవాలు మార్చి 'భద్రపరచు' నొక్కింది.

"ఇప్పుడు మీరు వెళ్లండి బు."

రహాయు పక్క కంప్యూటరులో రెండు వేళ్లతో ఒక్కో అక్షరమూ కొట్టింది. తెర తెల్లబడి అలాగే ఉండిపోయింది. వెనింగ్ అంకెలు లెక్కపెట్టింది. పదకొండు దాకా వచ్చింది.

తెరుచుకుంది. పైన 'రహాయు' అని ఉంది. కింద వరసలకు వరసలు, ఏళ్లకు ఏళ్లు, ప్రతి వరస చివరా సంతకం. కసియాతి, కసియాతి, కసియాతి. పక్కనే 00417.

రహాయు మొహం బిగుసుకుంది. "ఆ పేరు ఇంకా ఇక్కడే ఉందే."

"అవి మారవు బు. మార్చకూడదు కూడా. అప్పుడు సంతకం పెట్టింది ఆవిడే కదా."

రహాయు తెరను కిందికి జరుపుతూ పోయింది, చాలాసేపు. "ఉండనీలే" అంది చివరకు. "పనైతే బాగానే చేసింది పాపం." కోటు గుండీలు పెట్టుకుని ల్యాబు వైపు నడిచింది. గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది.

వెనింగ్ మిగతా లాగిన్లు ఒక్కొక్కటే లోపలికి పోవడం చూస్తూ కూర్చుంది. తీగ మీద నుంచి కాలు తీయడానికి పదకొండయింది. హెందార్తో తలుపు సందులోంచి తల పెట్టి, "రికార్డులు చూశారు. పేరెందుకు మారిందని అడిగితే కోర్టు కాగితం తీసి ముందు పెట్టింది, మారు మాట్లాడలేదు వాళ్లు" అని చెప్పి వెళ్లాడు. మెచ్చుకున్నాడో లేదో తెలియలేదు.

వెనింగ్ తన ఫోన్లో ఉన్న పిల్లవాడి టీకాల పుస్తకం ఫోటో తెరిచింది. పేజీ పైన పొడుగాటి నంబరు. వేసిన టీకాలన్నీ ఉన్నది పేరు కింద కాదు, ఆ నంబరు కిందే. ఇంటికి ఫోన్ చేసింది.

"ముప్పై ఏడు ఎనిమిది" అంది బు ముకీనా, అడగకముందే. "గంజి తాగాడు."

"ఇబూ... మీరు ఏ పేరు అనుకున్నారు?"

"ఏమైంది? డాక్టరేమైనా అన్నాడా?"

"ఎవరూ ఏమీ అనలేదు. ఊరికే."

"స్లామెత్. అంటే క్షేమమేగా, బరువు లేదు. మా నాన్న పేరు."

"మా ఫ్యాక్టరీలోనే పదకొండు మంది స్లామెత్‌లు ఉన్నారు ఇబూ!"

"పదకొండు మందీ ఆరోగ్యంగా ఉన్నారా?"

వెనింగ్ కళ్లు తెర మీదికి పోయాయి. సెలవుల సాఫ్ట్‌వేర్ తాళం కూడా ఆమె దగ్గరే ఉంది. పేరు కొడితే, ఎవరు ఎన్నిసార్లు జ్వరంతో ఇంటి దగ్గర ఉన్నారో నిమిషంలో తెలుస్తుంది. పదకొండు చుక్కలు, ఒక గీత. వేలు మీట దాకా వెళ్లింది. చూడటానికి వీలున్నంత మాత్రాన చూడకూడదన్న నియమం రాసింది ఆమే. వేలు వెనక్కి తీసుకుంది.

"తెలీదు ఇబూ. సాయంత్రం మాట్లాడుకుందాం" అంది. ఫోన్ పెట్టబోతూ, "ఇంట్లో తాటిబెల్లం ఉందా?" అని అడిగింది.