ఖాడీ ఒడ్డున మా అత్త చేసిన జాగ

బియ్యం కడుగుతుండగా బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందే" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చూస్తే, నా చేతులు అలవాటుగా ఆ కడిగిన నీళ్లను బకెట్లోకి వంపుతున్నాయి. మా గల్లీలో ఏ ఇంట్లోనూ బియ్యం కడిగిన నీళ్లు మోరీలో పారబొయ్యరు. ఆ అలవాటు మాకు చేసిన మనిషే ఇప్పుడు లేదు.

కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ ఈ ఎండాకాలం సూరత్‌లోని మా లింబాయత్‌లో చావు కబురు లేకుండా పొద్దు గడవలేదు. ఒకరి గురించి ఏడ్చి ముగించేలోగా ఇంకొకరి సంగతి తెలిసేది. అందుకే ఆమె గురించి తీరికగా నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

ఆమె మా నాన్నకు అక్క, నాకు మేనత్త. సిరిసిల్ల దిక్కు నుంచి మామయ్య వెంట సూరత్ వచ్చింది. మామయ్య సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. ఆయన పోయాక అత్త ఇంట్లోనే చీరలకు దారాలు కత్తిరిస్తూ, రాళ్లు అంటిస్తూ కొడుకును, మా బావను, పెంచింది. వాళ్లది ఒకటే గది. ఎండ లోపలికి రాదు, గాలీ రాదు. పక్కనున్న మగ్గాల షెడ్డులో సాంచాలు ఆడుతుంటే గోడ కూడా వణుకుతుండేది.

కరోనాకు ముందు ఒక ఆదివారం అందరం కలిసి డుమస్ బీచ్‌కు వెళ్లాం. పిల్లలు నీళ్ల వైపు పరిగెత్తారు, మేం భజ్జీల బండి చుట్టూ చేరాం. అత్త మాత్రం సరుగుడు చెట్ల కింద కొంగు పరుచుకుని కూర్చుంది.

"సముద్రం జూడవా అత్తా?" అని అడిగాను.

"జూసిన బిడ్డా. నీళ్లే గదా. ఈడ సల్లగున్నది, జర కూసోనీ" అంది. మేం తిరిగొచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి చెవుల్లో ఉన్న ఆ చప్పుడు ఒక్కసారి లేకుండా పోతే మాకు నిద్ర పట్టలేదు. వెళ్లగలిగిన వాళ్లు ఊళ్లకు వెళ్లారు. మిగిలినవాళ్లం గదుల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. పని లేని మగవాళ్లకు కోపం ముక్కు మీదే ఉండేది. ఒకరోజు బావ తింటున్న పళ్లెం విసిరేశాడు. అత్త మెతుకులన్నీ ఎత్తి, గది ఊడ్చి, మూలనున్న పార తీసుకుని బయటికి నడిచింది.

మా గల్లీ వెనక ఖాడీ ఉంది. పేరుకు వాగే గాని, అద్దకం మిల్లుల నీళ్లు కలిసి రోజుకో రంగులో పారుతుంది. దాని ఒడ్డున ఉన్న ఖాళీ జాగలో చెత్త, చిందీలనే గుడ్డపీలికలు, పగిలిన థర్మాకోల్ గుట్టలు. మధ్యలో ఒకే ఒక్క సర్కారు తుమ్మ. అత్త ఆ తుమ్మ కింద తవ్వడం మొదలుపెట్టింది.

"గీ గబ్బుల ఏం జేస్తవత్తా?" అంటూ వెనకే వెళ్లాను.

"ఇంట్ల ఒకని మీద ఒకడు వడ్తున్నరు. కూసునేతందుకు జర జాగ జేస్తున్న."

మరునాడు బావ ఆమెను ఇంటికి తీసుకుపోదామని వచ్చాడు. కాసేపు నిలబడి చూసి, ఆమె చేతిలోంచి పార అందుకున్నాడు. తర్వాత ఇంకొకరు వచ్చారు. పోలీసు బండి చప్పుడు వినిపిస్తే ఎక్కడివాళ్లం అక్కడ ఇళ్లలో దూరేవాళ్లం.

ఎంత తవ్వినా మట్టి కనిపించదు. ఒక పొర చిందీల కింద ఇంకో పొర చిందీలు. అత్త ప్రతి గుడ్డపీలికనూ దులిపి చూసేది. "ఇగో, ఇది నీ పెండ్లప్పుడు నడిచిన డిజైన్. దీనికి రాళ్లంటిచ్చి నా శేతి ఏళ్లన్నీ వొక్కలైనయ్" అని నవ్వేది. ఆ తవ్వకం పొడుగునా మా అందరి బతుకులూ పీలికలు పీలికలుగా బయటపడ్డాయి. చివరికి నల్లమట్టి తగిలిన రోజు ఆమె దాన్ని గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది.

లాక్‌డౌన్ సడలాక ఊరి అవతల కామ్‌రేజ్ వైపు కొత్త ఇళ్లకు పునాదులు తవ్విన మట్టి టిప్పర్లలో పోతుండేది. ఒక టిప్పర్ డ్రైవర్ మా జిల్లావాడే. అత్త అతన్ని పిలిచి సర్వపిండి పెట్టి, తిన్నాక గుంటల్లో నింపడానికి మట్టి అడిగింది. అతను కాదనలేకపోయాడు. మునగ, కానుగ, వేప మొక్కలు నాటాం. రోజూ ఇంటింటి ముందూ నిలబడి, "బియ్యం గడిగిన నీళ్లున్నయా అవ్వా?" అని అడిగేది. కొన్నాళ్లకు ఆమె అడక్కముందే బకెట్లు గడపల దగ్గర ఉండేవి.

సాంచాలు మళ్లీ మొదలయ్యాక తగువు వచ్చింది. మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వచ్చిన టెంపో డ్రైవర్ ఒకాయన మా గల్లీలోనే ఉంటాడు. ముందు నుంచీ ఆ జాగ అంచునే బండి పెట్టేవాడు. ఒక పొద్దున చూస్తే అంచున ఉన్న మొక్కలన్నీ చక్రాల కింద నలిగి ఉన్నాయి. బావ కొట్లాటకు బయల్దేరాడు. అత్త అడ్డం నిలబడింది.

"ఆడు బండి యాడ వెట్టుకోవాలెరా? నెత్తి మీద వెట్టుకుంటడా?"

తనకు వచ్చిన అరకొర హిందీతో తానే అతని గుమ్మంలోకి వెళ్లింది. నీ బండికీ ఇక్కడే జాగ ఇస్తాం, దాని చుట్టూ చెట్లు పెడతాం, ఎండకు సీటు కాలదు, నువ్వు వచ్చేటప్పుడు ఒక డ్రమ్ము నీళ్లు తెచ్చి పొయ్యి అంది. అతను తల వంచుకుని విన్నాడు. సాయంత్రం బండిలో డ్రమ్ము వచ్చింది. నలిగిన మొక్కల చోట అతనే కొత్త గుంటలు తవ్వాడు.

తర్వాత కార్పొరేషన్ నుంచి ఒక గుజరాతీ అమ్మాయి వచ్చింది, ఇంజినీరు. ఒడ్డంతా సిమెంటు పోసి బెంచీలు వేసే ఆలోచన ఉందని చెప్పింది. అత్త ఆమెను తుమ్మ కింద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. మధ్యలో నేను మాటలు అటూ ఇటూ చేరవేశాను. ఆ అమ్మాయి చాలాసేపు మొక్కల మధ్య తిరిగింది. మట్టిని తెరిచి ఉంచితేనే వాన నీళ్లు ఇంకుతాయి, లేకపోతే గల్లీలోకి వస్తాయి, ఒడ్డున వట్టివేరు నాటండి, మా పైవాళ్లతో నేను మాట్లాడతాను అంది. మరీ దగ్గర దగ్గరగా నాటారు మాసీ, సగం మొక్కలు తీసెయ్యాలి అని కూడా చెప్పింది.

"నాకెర్కలే బిడ్డా, నువ్వు జెప్పినవ్, మంచిగయింది" అంది అత్త. కానీ పీకడం ఆమెవల్ల కాలేదు. బావ పీకుతుంటే మొహం అటు తిప్పుకుని నిలబడింది. తీసిన మొక్కలను పక్క గల్లీలకు తానే మోసుకెళ్లి ఇచ్చింది. రోడ్డు వైపు సగం సిమెంటు పడనే పడింది. ఖాడీ వైపు మట్టి మాత్రం మిగిలింది.

ఈ ఎండాకాలానికి మునగలు ఇంటి కప్పులంత ఎత్తయ్యాయి. వాటి కింద ఆడవాళ్లం మాస్కులు కట్టుకుని, దూరదూరంగా కూర్చుని చీరల పని చేసుకునేవాళ్లం. అప్పుడే అత్తకు జ్వరం తగిలింది. ఊపిరి అందడం తగ్గింది. అంబులెన్సు కోసం ఎంత ఎదురుచూసినా రాలేదు. టెంపో ఆయన మాకెవరికీ చెప్పకుండానే వెనకాల బొంత పరిచి బండి గుమ్మం ముందుకు తెచ్చాడు. బావ ఆమెను ఎత్తుకుని ఎక్కించాడు. అంత ఆయాసంలోనూ ఆమె డ్రైవర్‌ను అడిగింది, "సీట్ గరం హై?"

"నహీ మౌసీ, ఠండా హై" అన్నాడతను. నిజం చెప్పాడో, ఆమె కోసం అన్నాడో తెలియదు. ఆమె మాత్రం కళ్లు మూసుకుని తలూపింది. ఆమెను నేను చూడటం అదే ఆఖరు. పోయాక ఆస్పత్రి నుంచి ఆమెను ఇంటికి తేనివ్వలేదు. బావ ఒక్కడే శ్మశానంలో దూరం నుంచి దండం పెట్టుకుని వచ్చాడు.

వానలు మొదలయ్యాక ఊళ్లకు పోయినవాళ్లు తిరిగి వస్తున్నారు. నిన్న మధ్యాహ్నం అలవాటు కొద్దీ బియ్యం నీళ్ల బకెట్టు తీసుకుని వెళ్తే, తుమ్మ కింద ఎవరో కొత్త జంట మూటలతో కూర్చుని ఉన్నారు. అద్దెగది తాళం కోసం మగమనిషి ఓనర్‌కు ఫోన్ చేస్తున్నాడు. ఆమె చంటిబిడ్డను ఎత్తుకుని, నన్ను చూసి గబుక్కున లేచింది.

"ఇది ఎవల జాగ అక్కా? కూసుంటె ఏమన్న అంటరా?"

బకెట్టు కింద పెట్టాను. "ఎవ్వలేమనరు, కూసో" అన్నాను.

ఆమె మూటలోంచి పాత చీర తీసి తుమ్మ కొమ్మకు తొట్టెల కట్టి, బిడ్డను అందులో వేసింది. గల్లీలో సాంచాలు ఆడుతున్నాయి. తడిసిన నేల మీద మునగపూలు రాలుతున్నాయి. ఆ తల్లి చెయ్యి తీసేశాక కూడా, ఖాడీ మీది గాలికి తొట్టెల మెల్లగా ఊగుతూనే ఉంది.